చుక్కల పెట్టెకి దారివ్వని కంప్యూటర్

ఇలా దగ్గరకొచ్చి కూర్చోండి. ఆ పీట లాక్కోండి, కొంచెం పక్కకి జరిగితే గాలి తగులుతుంది. పొయ్యి మీద పనైపోయింది. నా నడుం కూడా ఈవేళ మాట వినడం లేదు, అంచేత మెల్లగా చెప్తాను, మీరూ మెల్లగానే వినండి. ఒక పెట్టె గురించి, ఒక కంప్యూటర్ గురించి, ఆ రెండింటి మధ్యా నలిగిన మా వదిన గురించి.

మాది కోటబొమ్మాళి. స్టేషను నుంచి సంతకెళ్ళే దారిలో ముందుగది కొట్టు, వెనక ఇల్లు. కొట్టంటే ఉప్పూ పప్పూ అమ్మేది కాదు. బ్యాంకు వాళ్ళిచ్చిన వేలిముద్ర మిషను ఒకటుంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి దాని మీద వేలు పెడితే వాళ్ళ ఖాతాలో డబ్బు మా ఆయన తీసిస్తాడు. కరెంటు బిల్లులూ, రైలు టిక్కెట్లూ, అప్లికేషన్లూ కూడా ఆయనే చూస్తాడు. అన్నిటికీ ఉన్నది ఒక్కటే లాప్‌టాప్.

మా ఆయన అక్క మాతోనే ఉంటుంది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో రెండు కళ్ళూ పోయాయి. హాస్టల్లో ఉండి చుక్కల చదువు, బ్రెయిలీ అంటారే అది, చదువుకుంది. మిషన్ ఆస్పత్రిలో చాలాకాలం పనిచేసిన ఒక డాక్టరమ్మ, ఊరు వదిలి వెళ్ళిపోతూ వదినకి ఒక పెట్టె ఇచ్చి వెళ్ళింది. మూరెడు పొడుగు, అరచెయ్యంత వెడల్పు. దాన్ని లాప్‌టాప్‌కి తీగతో తగిలిస్తే తెర మీదున్న అక్షరాలు దాని మీద చుక్కలై లేస్తాయి. ఒక వరస వేలితో తడిమి మీట నొక్కితే ఆ చుక్కలు పడిపోయి తరవాతి వరస లేస్తుంది. లేచేటప్పుడు ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి చప్పుడు. మేం దాన్ని చుక్కల పెట్టె అనే అనేవాళ్ళం. అసలు పేరేదో ఉంది, నా నోటికి రాదు.

మధ్యాహ్నం కొట్లో మనుషులు పల్చబడ్డాక లాప్‌టాప్ వెనక గదికి వచ్చేది. వదిన పేపరు చదివేది, కథలు చదివేది. మధ్యలో తనలో తను నవ్వుకునేది. "ఏటొదినా?" అంటే "నీకెందుకే, నాను సదూకుంటన్నాను" అనేది. ఆదివారం మా ఆయన లాప్‌టాపూ పెట్టే సంచిలో పెట్టుకుని గుడికి మోసేవాడు. మాది బాప్టిస్టు గుడి. వాక్యం చదివేది వదినే. ఆ చిటపట వినపడితే పిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు. కళ్ళున్నవాళ్ళు చదివితే తప్పులుంటాయి, ఆవిడ చదివితే ఉండవని మా పాస్టరుగారి మాట. కట్టుకున్నవాడూ, కన్నపిల్లలూ లేని మనిషికి ఊళ్ళో ఒక చోటుందీ అంటే అది గుడిలో వాక్యం చదివే ఆ బల్ల దగ్గరే.

వానాకాలం ఒకనాడు గాలీ వానా పట్టుకుంది. కరెంటు పోతూ వస్తూ, వచ్చినప్పుడల్లా ఎక్కువై వచ్చి పాత లాప్‌టాప్‌ని తీసుకుపోయింది. కొట్టు ఆగకూడదని మా ఆయన మర్నాడే శ్రీకాకుళం వెళ్ళి కొత్తది తెచ్చాడు. వేలిముద్ర మిషను తగిలిస్తే పనిచేసింది. చుక్కల పెట్టె తగిలిస్తే తెర మీద ఏదో ఇంగ్లీషు మాట వచ్చి ఆగింది. చుక్కలు లేవలేదు. వదిన చుక్కలు లేవాల్సిన చోట, చదునుగా ఉన్న ఆ పట్టీ మీద వేళ్ళు ఆనించి కూర్చుంది. మేమే చెప్తామని చూసింది.

విజయనగరంలో మా తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. ఫోను చేస్తే పాసింజరెక్కి వచ్చాడు. వాడికీ మా వదినకీ వరస వేళాకోళం వరస. గుమ్మంలో అడుగుపెట్టగానే వదిన అందుకుంది.

"ఏటి మరిదీ, ఇజీనారం నీళ్ళకి పొట్ట పెరుగుతాదేటి? నీ అడుగు బరువుగా ఇనపడతన్నాది."

"నీకు కనపడదు కదాని దైర్యంగా తింటన్నాను వదినా."

"నీ పెళ్ళానికి కనపడతాదిలే. ముందు నా పెట్టె సూడు."

వాడు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా మీటలు నొక్కి, చివరికి మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. నాకు అర్థమైంది కాబట్టి మీకూ అర్థమవుతుంది.

"ఈ పెట్టె కంప్యూటర్తో మాటాడాలంటే మద్దిన ఒక సిన్న ప్రోగ్రాం ఉండాలి. దాన్ని డ్రైవర్ అంటారు. మిగతా ప్రోగ్రాములు అరుగు మీద కూకొని ఎల్లిపోయే సుట్టాలు. డ్రైవర్ అలాగ కాదు, సరాసరి వంటింట్లోకి వచ్చేస్తాది. ఏ డబ్బాలో ఏటున్నాదో దానికి తెలుస్తాది. అందుకని ఇప్పుడు కంప్యూటర్ సేసినోళ్ళు గుమ్మంలో కాపలా పెట్టారు. మేం సూసి ముద్రేసిన డ్రైవర్లే లోపలికి రావాలన్నారు."

"మన పెట్టెదాని మీద ముద్ర నేదా?" అన్నాడు మా ఆయన.

"ఇది ముద్రలు రాకముందుది బావా. దీన్ని సేసిన కంపెనీ ఎప్పుడో మూసేసారు. ఇప్పుడెల్లి ముద్రేయించుకొని రమ్మంటే ఎవుల్ని పంపుతాం?"

మా ఆయనకి కోపం వచ్చింది. "పెట్టె మాది, కంప్యూటర్ మాది, కరెంటు బిల్లు నాను కడతన్నాను. నా ఇంట్లోకి ఎవులు రావాలో సెప్పడానికి ఆడెవుడు?"

"కాపలా తీసెయ్యొచ్చు బావా, తీసే దారి పెట్టారు. గాని తీస్తే నీ పెట్టె ఒక్కటే రాదు. దాని ఎనకాల ఎవుడొచ్చినా అడిగేవోడుండడు. నీ కొట్లో రోజూ ఎంతమంది ఏలు పెడతన్నారో సూడు. పాస్‌వర్డ్ పోతే మార్సుకుంటాం. ఏలిముద్ర ఎత్తుకుపోతే ఏలు మార్సుకోగలమా?"

"ఇదొక్కదాన్ని నాకు తెలుసు, రానీ, మిగతావోళ్ళని ఆపు అని సెప్పుకునే ఈలు నేదా?" అని నేనడిగాను.

"అదే నేదక్కా. తీస్తే అందరికీ తియ్యాలి. ఏస్తే అందరికీ ఎయ్యాలి."

కాపలా పెట్టినవాణ్ణి నేనేమీ అనను. దొంగలున్నారు కాబట్టే పెట్టాడు. కాకపోతే ఎక్కడో కూర్చుని ఆ కాపలా రాసినాయన ఇలాంటి ఒక్క పెట్టెనైనా చూసి ఉంటే, దానికో కిటికీ అన్నా వదిలేవాడు కదా అనిపించింది.

వదిన అప్పుడు నోరు విప్పింది. "మరి నా ఏలు సంగతేటి మరిదీ?"

"గొంతు ఉన్నాది కదా వదినా. కంప్యూటరే సదివి చెవిలో సెప్తాది. దానికి ఏ డ్రైవరూ అక్కర్నేదు. అది వాడుకో."

"ఆ గొంతు నాకు తెలుసు. పన్లకి బాగుంటాది. సదువుకి కాదు. నా చెవికి ఇప్పటికే సానా పన్లున్నాయి. ఎవులొస్తన్నారు, ఎవులెల్తన్నారు, పాలు పొంగుతున్నాయా, మీయక్క ఏడుస్తన్నాదా నవ్వుతున్నాదా, అన్నీ చెవే సూడాలి. సదువొక్కటీ ఏలికి అట్టేపెట్టుకున్నాను. గుడిలో ఒకడు నా చెవిలో సెప్తావుంటే నాను పైకి అనడం సదవడం కాదు. అప్పసెప్పడం."

మా తమ్ముడు ఒక ఏర్పాటు చేసి వెళ్ళాడు. మధ్యాహ్నం లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసేటప్పుడు తెర మీద ఒక జాబితా వస్తుంది, అందులో ఫలానా అంకె నొక్కితే ఆ ఒక్కసారికీ కాపలా పక్కకి తప్పుకుంటుంది. వదిన చదువుకున్నాక మళ్ళీ ఆపి వేస్తే కాపలా తనంతట తనే వచ్చి నిలబడుతుంది. వినడానికి ఎంత బాగుందో.

చెయ్యడానికి ప్రాణం పోయింది. ఆ జాబితా రావడానికి ఒకదాని తరవాత ఒకటి తెరలు దాటాలి. మా ఆయన తొందరలో ఒక తెర తప్పేవాడు, మళ్ళీ మొదటికి. వదిన చదువుతూ ఉండగా "టిక్కెట్టు తియ్యాలి బాబూ" అని ఎవరో వచ్చేవారు, లాప్‌టాప్ ముందుకి పోయేది. తిరిగొచ్చేసరికి కాపలా నిలబడి ఉండేది. చదువుతున్న కథలో మనిషి నూతిలో పడ్డాడో బయటికొచ్చాడో తెలీకుండా వదిన ఎన్ని సాయంత్రాలు కూర్చుందో. నాకు ఓపిక పోయింది. గ్యాసుకో అంకె, ఫోనుకో అంకె, రేషనుకి వేలు, ఆఖరికి ఇంట్లో మనిషి ఇంత చదువుకోడానికి కూడా అంకె. ఎవరి మీదా కోపం కాదు. అలుపంతే.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వదిన ఉన్న ఇల్లు కాబట్టి మా తలుపులేవీ ఓరగా ఉండవు. ఉంటే పూర్తిగా తెరిచి గోడకి ఆనించాలి, లేకపోతే గొళ్ళెం పెట్టాలి. ఓరతలుపు అంచు నుదుటికి తగులుతుంది. ఆ మచ్చలు ఆవిడ నుదుటి మీద ఉన్నాయి. మా అత్తగారి కాలం నుంచీ పిల్లా పెద్దా అందరికీ చేతికి వచ్చేసిన అలవాటు అది. మా ఆయన ఆ అలవాటే కంప్యూటర్‌కీ పట్టాడు. కాసేపు తీయడం, కాసేపు వేయడం, ఎప్పుడు ఎలా ఉందో తెలియకపోవడం ఆయనకి నచ్చలేదు. మా తమ్ముడికి ఫోను చేసి, శాశ్వతంగా కాపలా తీసేసే దారి చెప్పమన్నాడు. వాడు వద్దు వద్దన్నాడు. "మా అక్క తల బద్దలవతాది, ఇయ్యాల తెరిసి, రేపు మూసి. ఉంటే పూర్తిగా తెరిసుండాలి" అన్నాడీయన. అదేం తలుపు కాదు కదా. కాని మా ఇంట్లో పుట్టినవాడికి అది తలుపులాగే కనపడింది. మా తమ్ముడు తిట్టుకుంటూనే దారి చెప్పాడు.

అప్పట్నుంచి తెర కింద మూల చిన్న అక్షరాలు ఉండేవి, కాపలా లేదని గుర్తు. కొద్దిరోజులకి ఆ అక్షరాలు మాకు కనపడడం మానేశాయి. వదిన మళ్ళీ నిమ్మళంగా చదువుకుంది. నూతిలో పడ్డ మనిషి బయటికొచ్చాడట. నాకు ఆ కథంతా చెప్పింది.

తరవాత, ఉపాధి పని డబ్బులు పడ్డాయని తెలిసిన పొద్దున్న, కొట్టు ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. మా ఆయన మిషను తగిలించాడు. బ్యాంకు ప్రోగ్రాం తెరుచుకోలేదు. దాన్ని ముందురోజే కొత్తగా మార్చారట. ఇప్పుడది తెరుచుకునే ముందు కంప్యూటర్‌కి కాపలా ఉందా లేదా అని చూస్తుంది. లేదని చూసి, ఇక్కడ ఎవరి వేలూ తీసుకోను అని మూసుకుంది. పైగా మా కొట్టు పేరు ఆపేసి బ్యాంకుకి కబురు పెట్టింది.

ఎండ ఎక్కుతోంది. టెక్కలి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అరుగు మీద కూలబడింది.

"ఏటి బాబూ, నా ఏలు అరిగిపోనాదేటి?"

"నీ ఏలు బాగానే ఉన్నాది మామ్మా. మా కంప్యూటరే బాగోనేదు."

"ఎప్పుడూ నా ఏలే బాగోనేదంటారు కదా, ఇయ్యాలేటి కొత్తగా మీ కంప్యూటరు" అంది ఆవిడ. లైనంతా నవ్వింది. మా ఆయనకి నవ్వు రాలేదు. అందరికీ నేను మజ్జిగ కలిపి ఇచ్చి పంపించాను. వాళ్ళు నడిచి వచ్చిన దారంతా మళ్ళీ నడిచి వెళ్ళారు.

సాయంత్రం బ్యాంకు తరఫున కొట్లు చూసుకునే అబ్బాయి బండి మీద వచ్చాడు. మంచివాడే. మంచినీళ్ళు తాగి, పెట్టె సంగతంతా విని, తెర మూల ఉన్న అక్షరాలు చూపించాడు. "వీళ్ళ వేళ్ళు మీ చేతిలో పెట్టామండి. ఈ అక్షరాలుంటే ఆ వేళ్ళు ఎటు పోతాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈసారికి నేను మాట్లాడి పేరు తెరిపిస్తాను. రెండోసారి నా వల్ల కాదు. ఆ పెట్టె అయినా ఉంచుకోండి, ఈ మిషను అయినా ఉంచుకోండి."

ఏదో ఒకటే ఉంచుకుంటానని మా ఆయన ఎలా చెప్తాడు? చెప్పలేడు. కొట్టు మీద ఇల్లు నడుస్తోంది. అక్క ముఖంలో నవ్వు మీద ఆయన బతుకు నడుస్తోంది. నేను ఏ మాటన్నా ఎవరికో ఒకరికి తగిలేటట్టే ఉంది.

వెనక గది గుమ్మంలోంచి వదినే మా ఆయనతో చెప్పింది. "కాపలా ఎట్టించీ తమ్ముడూ."

"అక్కా, నువ్వుండు. ఏదో దారి సూద్దుం."

"సూసినావు కదా, సాలు. పొద్దున్న ఆ మామ్మ నా గొంతుతోనే మాటాడినట్టు ఇనపడినాది నాకు. ఆవిడకీ ఏలే దారి, నాకూ ఏలే దారి. ఆవిడికి తెలీకుండా ఆవిడ ఏలు బజార్న పెట్టి నాను కథలు సదూకోను. పెట్టీమన్నాను కదా."

ఆ అబ్బాయి తల వంచుకుని నంబర్లేవో రాసుకుని వెళ్ళాడు. కాపలా పెట్టేశాం. చుక్కల పెట్టెని వదిన తుడిచి, పాత తువ్వాల్లో చుట్టి, తన మంచం కింద ట్రంకులో పెట్టుకుంది. ఆ ఆదివారం గుడిలో మరొకరు చదివారు. వదిన వెనక బెంచీలో కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఆ వేళ్ళు ఊరుకోలేదు, చీర కుచ్చిళ్ళ మీద కదులుతూనే ఉన్నాయి. నేను అటు చూడడం మానేశాను.

మా తమ్ముడు సిగ్గుపడ్డాడో ఏమో, కొన్నాళ్ళకి ఒక పాత లాప్‌టాప్ వెతికి పట్టుకొచ్చాడు. ఎవరో పారేసింది. బ్యాటరీ లేదు, మూత బిజాగరీకి తీగ కట్టి ఉంది. అందులో పాత ప్రోగ్రాములే ఉన్నాయి, కాపలా అంత గట్టిది కాదు. పెట్టె తగిలిస్తే చుక్కలు లేచాయి.

"దీనికి నెట్ పెట్టకూడదు. ఎప్పుడూ" అన్నాడు. "దొంగకి దీన్లోకి రావడానికి దారే ఉండదు. సదవాల్సినవి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించుకోవాలి."

వదిన పట్టీ తడుముతూనే అడిగింది. "ఎవులు తెచ్చి ఎక్కిస్తారు?"

"బావ ఎక్కిస్తాడు. నేపోతే అక్క."

"అయితే నాను ఏటి సదవాలో మీ ఇష్టమన్నమాట."

"నువ్వు సెప్పు, మేం తెస్తాం వదినా."

"ఏటున్నాదో తెలిస్తే కదా కావాలని సెప్పడానికి" అంది. దొరికిన దాన్ని కాదనే ఓపిక ఆవిడకీ లేదు.

అలాగే కొన్ని వారాలు నడిచింది. మా ఆయనకి తీరితే పేపరు వచ్చేది, తీరకపోతే నిన్నటిదే. కథలడిగితే "రేపు" అనేవాడు. నిజంగానే తీరుబడి ఉండేది కాదు. ఒక ఆదివారం పాస్టరుగారు కీర్తన చదవమని ముందుగానే చెప్పారు. మా ఆయన పొద్దున్న హడావుడిలో పెన్‌డ్రైవ్ ఎక్కించి, సంచి మోసుకొచ్చి, బల్ల మీద సర్దాడు. వదిన నిలబడింది. చిటపటమని వరస లేచింది. వేలు సగం దాకా వెళ్ళి ఆగింది. మీట నొక్కింది. మళ్ళీ ఆగింది.

"అయ్యగారూ," అంది, "ఇక్కడ రైలు టైములున్నాయి."

గుడిలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్ళూ నవ్వారు. పాస్టరుగారు కూడా పెదవి కొరుక్కున్నారు. కొట్లో ఎవరికోసమో తీసిన కాగితం అది, కీర్తన బదులు అదెక్కింది. వదిన కూడా చిన్నగా నవ్వి, "ఇయ్యాల పలాస పాసింజరు ఎవులికీ తప్పిపోదు మరి" అంది. కీర్తన ఆవిడకి నోటికొచ్చు. చెప్పెయ్యొచ్చు, ఎవరికీ తెలీదు. చెప్పలేదు. "నా కాడ వాక్యం నేదు. కళ్ళున్నోళ్ళెవులైనా సదవండి" అని కూర్చుంది.

ఇంటికొచ్చాక అన్నం తినలేదు. మా ఆయన ఎదురుగా కూర్చుని "తప్పయిపోనాది అక్కా" అన్నాడు.

"నీ తప్పు కాదురా. నా నోట్లోకి రాబోయే మాట నీ సేతిలో ఎట్టుకున్నాను, అదీ తప్పు. రేపట్నుంచి మద్దేనం కొట్టు కట్టేసినాక నీ కంప్యూటర్ నాకియ్యి. చెవిలో సదివే ఆ గొంతు ఉన్నాది కదా, దాన్ని ఏసియ్యి. నాకు కావలసింది నాను ఎతుక్కుంటాను, నాను ఎక్కించుకుంటాను. మీ కాపలా ముట్టుకోను. మీరు నా పెన్‌డ్రైవ్ ముట్టుకోకండి."

"ఆ గొంతు నీకు పడదు కదా."

"సదవడానికి పడదు. బజారు సెయ్యడానికి పడతాది."

అలాగే జరుగుతోంది ఇప్పుడు. మధ్యాహ్నం కొట్టు తలుపేశాక వదిన ముందుగదిలో కూర్చుని చెవిలో తీగ పెట్టుకుని, గంటసేపు వెతుకుతుంది. ఆ గొంతుని తిట్టుకుంటుంది, "గబగబా సెప్తావేటిరా, ఎవుడు తరుముతున్నాడు" అని. తనకి కావలసినవి ఏరుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని పైటచెంగున ముడివేసుకుని, గోడ పట్టుకుని వెనక గదికి నడుస్తుంది. ఆ నాలుగడుగులూ ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వదు. తరవాత చిటపట మొదలవుతుంది. ఆదివారాలు మళ్ళీ ఆవిడే చదువుతోంది.

అంతా బాగైపోయిందని నేను చెప్పను. ఒకప్పుడు చెయ్యి చాపితే అందిన చదువుకి ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక ముడి, ఒక గోడ కావాలి. ఆవిడ వయసు పెరుగుతోంది. ఆ తీగ కట్టిన లాప్‌టాప్ పోయిననాడు ఏం చెయ్యాలని మా తమ్ముణ్ణి అడిగితే వాడు మాట మార్చేస్తాడు. నేనూ రెట్టించను. వంటింట్లో పని చేసుకుంటూ ఆ చిటపట వింటాను. అది ఆగితే మీట నొక్కిందని, మళ్ళీ మొదలైతే కొత్త వరస వచ్చిందని తెలుస్తుంది నాకు. మొన్న అడిగాను, "ఏటి సదువుతున్నావొదినా?" అని.

"నీకెందుకే" అంది.

ఆ మాట విని నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పొద్దు వాలింది, ఇంక లేవండి. మీ ఇంటికి దేవుడి చల్లటి చూపు ఉండాలి. మీ ఇంట్లో ఎవరికి ఏది ఆధారమో అది వాళ్ళ చేతికి అందేట్టు ఉండాలి. రాకూడనివాడు మీ గుమ్మం దాకా రాకూడదు, రావలసినవాడు బయట నిలబడిపోకూడదు. మీ పిల్లలూ పెద్దలూ చల్లగా ఉండాలి. వెళ్ళిరండి.